గడప నుంచి జమ్మిచెట్టు దాకా



పోయిన ఏడాది నవంబరు నెలాఖరు. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. డల్లాస్ నుంచి మా చెల్లెలి కూతురు వీడియో కాల్ చేసింది. మనకి తెల్లవారింది, వాళ్లకి రాత్రి. ఆ రోజు వాళ్లకి థాంక్స్‌గివింగ్ పండగ. ఏటా నవంబరులో నాలుగో గురువారం నాడు వస్తుంది. పక్కింటి అమెరికన్ కుటుంబం వీళ్లని భోజనానికి పిలిచిందట. బల్ల మధ్యలో చిన్న చిన్న గుమ్మడికాయలు, ఎండిన మొక్కజొన్న కంకులు, ఎర్రబడిన ఆకులు పేర్చారట. అన్నం ముందు కూర్చున్నాక, ముద్ద నోట్లో పెట్టకముందే, చిన్నా పెద్దా అందరూ వరసగా ఈ ఏడాదిలో తమకి ఎవరి వల్ల ఏ మేలు జరిగిందో చెప్పుకున్నారట.

ఇదంతా చెప్పింది ఎనిమిదేళ్ల మా మనవరాలు. చెప్పి ఊరుకోలేదు. "అమ్మమ్మా, మనకి ఇలాంటి పండగ లేదా? మనం థాంక్స్ చెప్పుకోమా?" అని అడిగింది.

నేను తొందరపడి, "మనకి లేదమ్మా" అనేశాను.

ఫోను పెట్టేసి తలెత్తి చూస్తే గుమ్మానికి దసరా నాడు కట్టిన మామిడి తోరణం కనబడింది. ఎండిపోయి, గాలికి గలగలమంటోంది. విప్పి పారేయడానికి చేయి రాక అలాగే ఉంచాను. దాన్ని చూడగానే, పిల్లకి తప్పు చెప్పానేమో అనిపించింది. అప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మళ్లీ దసరా వచ్చేస్తోంది. ఆ పిల్లకి చెప్పాల్సిన జవాబే ఈ పూట మీతో చెప్పుకుంటాను.

మన ఇళ్లలో థాంక్స్ అనే మాట బయటివాళ్ల కోసం. బస్సులో సీటిచ్చినవాళ్లకి చెబుతాం, దారి చూపించినవాళ్లకి చెబుతాం. అన్నం వడ్డించిన అమ్మకి చెప్పి చూడండి, "ఏంట్రా, ఒంట్లో బాగానే ఉందా?" అంటుంది. మనకి కృతజ్ఞత లేదని కాదు. ఆ మాటనే విడదీసి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞత అంటే ఎరిగి ఉండటం. ఒకరు మనకి చేసినదాన్ని ఎరిగి ఉండటమే కృతజ్ఞత. నోటితో చెప్పాలన్న నియమం ఆ మాటలో ఎక్కడా లేదు. అయితే ఎరుక ఊరికే నిలవదు. మరుపు సహజం. అందుకే మరిచిపోకుండా చేతులకి ఏదో ఒక పని పెట్టారు మన పెద్దవాళ్లు. ఆ పనులన్నీ ఒకచోట చేరితే దసరా అయింది.

అసలు ఈ పండగ పేరులోనే రుతువు ఉంది. శరన్నవరాత్రులు. శరత్తులో వచ్చే తొమ్మిది రాత్రులు. వానలు తెరిపిస్తాయి. చెరువులు నిండి ఉంటాయి. ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది. చేలో వరి పొట్ట మీద ఉంటుంది. పంట ఇంకా ఇంటికి రాదు, వస్తుందన్న నమ్మకం మాత్రం వస్తుంది. ఆ నమ్మకంతో చేసుకునే పండగ ఇది.

నేను పుట్టింది తెనాలి దగ్గర పల్లెటూళ్లో. మెట్టింది హనుమకొండలో. అందుచేత నాకు దసరా రెండు రకాలుగా తెలుసు. అక్కడ బొమ్మల కొలువు, ఇక్కడ బతుకమ్మ. అక్కడ పప్పుబెల్లాలు, ఇక్కడ జమ్మి బంగారం. మొదట్లో ఈ రెండూ వేరనుకునేదాన్ని.

హనుమకొండ వచ్చిన కొత్తలో నాకు ముందుగా తెలిసింది పెత్రమాస. భాద్రపద అమావాస్య. ఆ పొద్దున మా అత్తగారు చేటలో బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, కాసిన్ని మిరపకాయలు సర్ది, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుని ఇచ్చేవారు. పెద్దలకు బియ్యం ఇచ్చుడు అంటారు దాన్ని. మా మామగారి తల్లిదండ్రులు, వాళ్ల తల్లిదండ్రులు, పెళ్లికాకుండానే పోయిన ఒక మేనత్త, అందరి పేర్లూ వచ్చేవి. నేను చూడని మనుషులు వాళ్లు. వాళ్లు తవ్వించిన బావి నీళ్లే నేను తాగుతున్నాను. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. అంటే, పండగ మొదలుపెట్టే ముందు, ఈ పండగ చేసుకునే ఇల్లు మనకి ఎవరిచ్చారో తలుచుకోవాలి. లేనివాళ్లని తలుచుకున్నాకే ఉన్నవాళ్ల సంబరం.

ఇక ఇల్లు. తెనాలి వైపు పుట్టింట్లో, మా అమ్మ దృష్టిలో ఇల్లు కూడా ఇంట్లో మనిషే. ఏడాదంతా మన మీద పడాల్సిన ఎండా వానా తన మీద వేసుకుంటుంది. దానికీ ఒక తలంటు, ఒక కొత్త బట్ట ఉండాలి కదా అనేది. అటకలు దులపటం, బూజు కర్రకి గుడ్డ చుట్టి మూలలు తుడవటం, గోడలకి సున్నం కొట్టటం, అరుగులకి ఎర్రమట్టి అలకటం, అదంతా ఇంటికి తలంటు పోయటమే. పిల్లలం సున్నం బకెట్టు మోస్తామని పోట్లాడుకునేవాళ్లం. మోచేతుల దాకా తెల్లగా అయ్యేవి.

ఆ తరవాత గడప. కడిగి, తడి ఆరకముందే పసుపు రాయాలి. తడి మీద అయితే పసుపు చక్కగా పట్టుకుంటుంది, రాలదు. దాని మీద కుంకుమ బొట్లు, మధ్యమధ్యలో బియ్యప్పిండితో చిన్న ముగ్గు. నాకు ఆరేడేళ్లప్పుడు గడప మీద కూర్చుని కాళ్లాడిస్తుంటే నాయనమ్మ లేపేసింది. "అందరూ దాన్ని దాటేవాళ్లేనే అమ్మాయ్. మీ తాత దాటి వెళ్లాడు, మీ అత్తలు దాటి వెళ్లారు, రేపు నువ్వూ దాటి వెళ్తావు. కదలకుండా ఉన్నది అదొక్కటే. దానికి నాలుగు బొట్లు పెడితే మన సొమ్మేం పోతుంది?" అంది. బియ్యప్పిండి ముగ్గు మధ్యాహ్నానికల్లా చీమలు మోసుకుపోయేవి. పోతే పోనీ, వాటికీ పండగే అనేది.

తోరణం కట్టడానికి మా నాన్న కూర్చునేవాడు. ఆయన రైసు మిల్లులో గుమాస్తా. సెలవు దొరికేది తక్కువ. దసరాకి మాత్రం తోరణం తనే కట్టాలి. లేత ఆకు పనికిరాదు, గంటలో వాడిపోతుంది. మరీ ముదురు ఆకు మడిస్తే విరుగుతుంది. మధ్యరకం ఆకుని తొడిమ దగ్గర పురికొస మీదుగా మడిచి, కొబ్బరి ఈనె ముక్కతో గుచ్చేవాడు. రెండు ఆకులకో బంతిపువ్వు. ఇప్పుడు ప్లాస్టిక్ తోరణాలు వచ్చాయి. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి. వాటిని తప్పుపట్టను, ఊళ్లో మామిడిచెట్టు లేనివాళ్లు ఏం చేస్తారు? కాని వాడిపోయే తోరణం ఒక సంగతి చెబుతుంది. ఇది ఒకరు పొద్దున్నే లేచి, చెట్టెక్కి, ఆకు కోసి, కూర్చుని కట్టినది అని. వాడిపోనిది ఆ సంగతి చెప్పదు.

బొమ్మల కొలువు కొన్ని ఇళ్లలో సంక్రాంతికి పెడతారు. మా ఇంట్లో దసరాకే. చెక్క పెట్టెలు, పీటలు, బియ్యం డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మెట్లు కట్టి, వాటి మీద అమ్మ పెళ్లినాటి తెల్లచీర పరిచేవాళ్లం. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, ఎవరి ఓపికను బట్టి వాళ్లు. పై మెట్టు మీద కలశం, దేవుళ్లు. కిందికి వచ్చేకొద్దీ మన లోకం. పెళ్లి ఊరేగింపు, కూరగాయల దుకాణం, బావి దగ్గర బిందెలు, చివర్న నేల మీద ఇసుక పోసి, ఆవాలు మొలిపించి, పొలం. అద్దం ముక్క పెడితే చెరువు.

బొమ్మల్ని పాత చీరముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలో దాచేవాళ్లం. ఒక్కొక్కటీ విప్పుతుంటే అమ్మ వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది. ఇది మీ మేనమామ తెచ్చాడు. ఇది నువ్వు పుట్టిన ఏడాది కొన్నది. ఈ ఏనుగు తొండం విరగ్గొట్టింది మీ చెల్లెలు. కొలువులో ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేరాలని మా ఇంటి కట్టుబాటు. పాతది విరిగినా పారేయకూడదు, వెనక వరసలో నిలబెట్టాలి. బంధువుల చిట్టా అంతా ఆ మెట్ల మీద ఉండేది.

ఆ బొమ్మల వెనక ఉన్న చేతుల సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది. విజయవాడకి దగ్గర్లో ఉన్న కొండపల్లి వెళ్లినప్పుడు కళ్లారా చూశాను. అక్కడ వాడే కర్రని తెల్ల పొణికి అంటారు. చాలా తేలిక. దాన్ని సన్నసెగ మీద ఆరబెట్టి, చేతులు వేరుగా, కాళ్లు వేరుగా, తల వేరుగా చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు అనే ముద్ద చేస్తారు. దాంతో అవయవాలు అతికి, అరగదీసి, సున్నం పూసి, అప్పుడు రంగులు వేస్తారు. ఏనుగు అంబారీ, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, అన్నీ అలా పుట్టినవే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకది ఇంకో దారి. అక్కడ అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ, తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్కని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పసుపు నుంచి, నీలిమందు నుంచి, జాఫ్రా గింజల నుంచి తీసిన రంగులు వాడతారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జనవరిలో ఢిల్లీ గణతంత్ర కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగాయి. ఇటు నిర్మల్‌లోనూ పొణికి కర్రతోనే బొమ్మలు చేస్తారు. అక్కడి సీతాఫలం, జామపండు బొమ్మలు చూస్తే కొరుక్కు తినాలనిపిస్తుంది. ఈసారి కొలువు పెట్టేటప్పుడు ఒక్క కొత్త బొమ్మయినా ఇలాంటి చేతుల్లోంచి వచ్చింది తీసుకోండి. వాళ్లకి మనం చెప్పగల మాట అదే.

సాయంత్రం పేరంటం. వీధిలో ఆడవాళ్లని పిలిచి, పసుపు కుంకుమ, తాంబూలం, గుప్పెడు శనగలు. ఒకే శనగలు కాదు. ఒక ఇంట్లో శనగలు, ఇంకో ఇంట్లో బొబ్బర్లు, మరో ఇంట్లో పెసలు. తొమ్మిది రోజులూ పిల్లల జేబుల నిండా గుగ్గిళ్లే. ఆఖరి రోజు హారతిచ్చాక ఒక బొమ్మని పడుకోబెట్టేవాళ్లం. అంటే కొలువు ముగిసింది, వచ్చే ఏడాది దాకా విశ్రాంతి అని.

ఇప్పుడు బతుకమ్మ దగ్గరికి వస్తాను. మా మొదటి దసరాకి అత్తగారు నన్ను వెదురు సిబ్బి ముందు కూర్చోబెట్టారు. కింద గుమ్మడి ఆకులు పరిచారు. చుట్టూ కుప్పలుగా పూలు. తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్లపూలు. నాకు ఆశ్చర్యమేమిటంటే, అందులో తోటలో పెంచిన పూలు తక్కువ. తంగేడు బీళ్లలో దానంతట అది పూసేది. గునుగు చేలో కలుపు. పొలంలో కనబడితే రైతు పీకి పారేసే మొక్క. ఏడాదంతా ఎవరూ పట్టించుకోని పూలని ఆ తొమ్మిది రోజులు తెంపి తెచ్చి, గునుగు కాడల్ని కట్టలు కట్టి, రంగునీళ్లలో ముంచి, వరసలు పేర్చి, నడినెత్తిన పసుపు గౌరమ్మని పెట్టి మొక్కుతారు. మనిషి నీళ్లు పోయలేదు, ఎరువు వెయ్యలేదు. అయినా పూశాయి. ఆ సంగతి ఎరిగినందుకే ఆ మొక్కు.

నేను గబగబా పేరుస్తుంటే అత్తగారు చేయి పట్టుకుని ఆపారు. "తొందర వద్దు బిడ్డా. కింది పువ్వు సక్కగ కూసుంటెనే మీది పువ్వును మోస్తది" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు పూల గురించే అనిపించింది.

వేయి స్తంభాల గుడి దగ్గరికి తీసుకెళ్లాం. వందల బతుకమ్మలు. చుట్టూ చేరి చప్పట్లు, పాట. నా బతుకమ్మ నేను చెప్పినట్టే తొందరపనిది, ఒక పక్కకి ఒరగసాగింది. కొత్తకోడలిని, కొత్త ఊరు, వెయ్యి కళ్లు. ఏడుపొచ్చినంత పనైంది. అత్తగారు పాట ఆపకుండానే నా పక్కకి వచ్చారు. కొంగు అడ్డంపెట్టి, రెండు వేళ్లతో కింద ఒక ఆకుమడత దూర్చారు. బతుకమ్మ నిలబడింది. మళ్లీ పాటలో కలిసిపోయారు. ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనలేదు. నేనూ అనలేదు.

తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మ. పెరుగు సద్ది, పులిహోర సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, పక్కన మలీద. ఆట ముగిశాక బతుకమ్మని నీళ్లలో సాగనంపి, గట్టు మీదే కూర్చుని సద్దులు ఒకరివి ఒకరు పంచుకుంటారు. ఎవరి గిన్నెలోది వాళ్లే తినడం అక్కడ నేను చూడలేదు.

మళ్లీ తెనాలి వైపు వెళ్దాం. నాయనమ్మ చిన్నప్పుడు వీధి బడులు ఉండేవి. ఆ అయ్యవార్లకి సర్కారు జీతం లేదు. ఊరివాళ్లు ఇచ్చిందే జీతం. దసరా పది రోజులూ పంతులుగారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారట. పిల్లల చేతుల్లో రంగుకాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు. బాణం కొసన పూలు, బుక్కాగుండ. గుమ్మంలో నిలబడి దసరా పద్యాలు పాడి, ఇంటాయన మీద బుక్కా చల్లేవాళ్లు. ఇంటివాళ్లు అయ్యవారికి దక్షిణ, పంచెల చాపు ఇచ్చేవాళ్లు. పిల్లలకి దోసిట్లో పుట్నాలపప్పు, బెల్లంముక్క. నాయనమ్మ ఆడపిల్ల కాబట్టి ఆ గుంపులో లేదు. వాకిట్లో నిలబడి పప్పుబెల్లాలు పంచే పని ఆవిడది. "మా అన్నకి అక్షరాలొచ్చాయి. నాకు పంచటం వచ్చింది" అనేది నవ్వుతూ. ఆ నవ్వు వెనక ఉన్నదేమిటో నాకు చాలా రోజులకి తెలిసింది. ఎవరికి ఏం వచ్చిందో, ఎవరికి ఏం రాలేదో కూడా ఎరిగి ఉండటం కృతజ్ఞతలో భాగమే. మా ఇంట్లో మూలా నక్షత్రం నాడు సరస్వతి ముందు పుస్తకాలు పెట్టేటప్పుడు నా పుస్తకాలే ముందు పెట్టించేది. ఆ రోజు బెజవాడ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ సరస్వతిగా కనబడుతుంది. ఒక ఏడాది నాయనమ్మ నన్ను అక్కడికి తీసుకెళ్లి, మూడు గంటలు వరసలో నిలబడి, నా పలక అమ్మవారికి చూపించి తీసుకొచ్చింది.

మహానవమి నాడు ఆయుధపూజ. ఎవరి బతుకుతెరువు ఏదైతే అదే ఆ రోజు దేవుడు. రైతుకి నాగలి, కొడవలి. సాలెవారికి మగ్గం. డ్రైవరుకి బస్సు. ఠాణాలో తుపాకులు. బళ్లకి దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిదగుమ్మడికాయ కొడతారు. మా ఇంట్లో వసారాలో ఒక వరస ఉండేది. నాన్న సైకిలు, ఆయన కలం, చిట్టా పుస్తకం. తాత వదిలి వెళ్లిన పార. అమ్మ కుట్టు మిషను, కత్తిపీట, రోలు, రోకలి. అన్నిటికీ పసుపు, కుంకుమ, పువ్వు. పూజ చేసిన పనిముట్టుని ఆ రోజు వాడకూడదు. దానికి సెలవు. సైకిలు ఎక్కకూడదు, మిషను తొక్కకూడదు. నాన్న కలం తియ్యడు.

ఒక ఏడాది, నాకు పదకొండేళ్లుంటాయి, పూజ అయిపోయింది. నాయనమ్మ చేతిలో ఇంకా కాస్త గంధం మిగిలింది. అమ్మని పిలిచింది. "ఇలా రా. ఆ చేతులు పట్టు" అని, రెండు అరచేతులకీ గంధం రాసి, బొట్టు పెట్టింది. "ఈ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ పనిచేసేవి ఇవి" అంది. మేం పిల్లలం చప్పట్లు కొట్టబోయాం. అమ్మ మాత్రం చేతులు అలాగే పట్టుకుని, మెల్లిగా అంది.

"అత్తయ్యా, పూజ చేసిన పనిముట్టుకి ఇవాళ సెలవు. మరి వీటికి?"

వసారాలో ఎవరూ మాట్లాడలేదు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. నాన్న సైకిలు వంక చూస్తూ నిలబడ్డాడు. నాయనమ్మ ఒక్క క్షణం ఆగి, కొంగు నడుముకి దోపుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆ పూట వంట ఆవిడే చేసింది. వడ్డన నాన్న చేశాడు, విస్తరి ఏ వైపు తిప్పి వేయాలో తెలియక. పులిహోరలో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ అనలేదు. అమ్మ రెండుసార్లు అడిగి వేయించుకుంది.

పూలు చల్లి వదిలేస్తే అది పూజ అవుతుంది. ఆ చేతిలో పనిని మన చేతిలోకి తీసుకుంటే అది కృతజ్ఞత అవుతుంది. ఈ తేడా నాకు ఆ ఉప్పుపులిహోర నేర్పింది. ఇన్ని అలంకారాల గురించి చెప్పాను కదా, తోరణాలు, మెట్లు, పూలు అని. అవన్నీ ఒకే మనిషి చేసి, మిగిలినవాళ్లు ఫొటో తీసుకుంటే, ఆ ఇల్లు అలంకరించినట్టు కాదు.

చివరికి విజయదశమి. పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్లేముందు ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచిన కథ అందరికీ తెలిసిందే. ఇంకో కథ కూడా ఉంది. కౌత్సుడనే శిష్యుడు వరతంతు మహర్షి దగ్గర చదువు ముగించి, గురుదక్షిణ ఏమివ్వమంటారని అడిగాడు. నువ్వు చేసిన సేవ చాలు నాయనా, అన్నాడు గురువు. శిష్యుడు వినలేదు. పదేపదే అడిగితే గురువుకి విసుగొచ్చి, నేర్పిన విద్యలు 14, కాబట్టి 14 కోట్లు తెమ్మన్నాడు. కౌత్సుడు రఘుమహారాజు దగ్గరికి వెళ్లాడు. అప్పటికే ఆయన యాగంలో ఉన్నదంతా దానం చేసి మట్టిపాత్రతో మిగిలి ఉన్నాడు. రఘువు కుబేరుడి మీదికి దండెత్తబోతే రాత్రికి రాత్రే బంగారం కురిసింది. కాళిదాసు రఘువంశంలో ఆ బంగారం రాజుగారి కోశాగారంలో కురిసింది. జనం చెప్పుకునే కథలో జమ్మిచెట్టు మీద కురిసింది. కౌత్సుడు 14 కోట్లే తీసుకుంటానన్నాడు. రాజు మొత్తం తీసుకోమన్నాడు. అక్కర్లేనిది నాకొద్దని ఒకరు, నీ కోసం వచ్చింది నేనెలా ఉంచుకుంటానని ఒకరు. మిగిలింది ఊరికి పంచేశారని మా అత్తగారి కథ. అందుకే జమ్మి ఆకు బంగారం.

హనుమకొండలో ఆ సాయంత్రం జమ్మి దగ్గరికి వెళ్లేముందు పాలపిట్ట కోసం చూస్తారు. జమ్మి, పాలపిట్ట, తంగేడు, మూడూ తెలంగాణ గుర్తులే. 2014లో రాష్ట్రం వచ్చిన ఏడాదే ఒకటి రాష్ట్ర వృక్షం, ఒకటి పక్షి, ఒకటి పువ్వు అయ్యాయి. నీళ్లు లేని నేలలో పచ్చగా నిలిచే చెట్టు జమ్మి. పూజ చేసి, ఆకు కోసుకుని, చీకటిపడ్డాక ఇల్లిల్లూ తిరుగుతారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో ఆకు పెట్టి, కాళ్లకి మొక్కుతారు. ఈడువాళ్లు ఆకు మార్చుకుని అలయ్ బలయ్ తీసుకుంటారు. ఏడాదిగా మాటల్లేనివాళ్లు కూడా ఆ రాత్రి ఆకు తీసుకోవడానికి చేయి చాపుతారు. మా అత్తగారు గుప్పెడు ఆకు పక్కన పెట్టుకుంటారు. పాలాయనకి, పేపరు పిల్లాడికి, చెత్తబండి అమ్మకి. మర్నాడు పొద్దున వాళ్లు వచ్చేదాకా గేటు దగ్గరే కూర్చుంటారు.

ఇప్పుడు ఆ పిల్లకి జవాబు. మనకి ఉందమ్మా. ఒక్కరోజు కాదు, పది రోజులు. పోయినవాళ్లకి ఒక పొద్దు, గడపకి ఒకటి, కలుపుపూలకి, బొమ్మకి, గురువుకి, పనిముట్టుకి, చివరికి ఎదురుపడిన ప్రతి మనిషికీ. ఇంకో తమాషా చెప్పనా? మీ పక్కింటి బల్ల మీద పెట్టిన గుమ్మడి, మా బతుకమ్మ కింద ఆకు పరిచిన తీపిగుమ్మడి చుట్టాలే. రెండింటి పుట్టిల్లూ అమెరికా ఖండమే. మా గుమ్మానికి కట్టిన బంతి కూడా మెక్సికో వైపు నుంచి వచ్చిందే. అక్కడ నవంబరు మొదట్లో పోయినవాళ్లని తలుచుకునే రోజులు వస్తాయి, అప్పుడు ఇళ్లనిండా బంతిపూలే. మీ ఖండం నుంచి వచ్చిన పూలతో మేం ఇక్కడ మా పెద్దల్ని తలుచుకుంటున్నాం.

అయితే నీ ప్రశ్నలో ఇంకో సగం ఉంది. "మనం చెప్పుకోమా?" అన్నావు. నిజమే, చెప్పుకోం. చేతులతో చేస్తాం, నోటితో అనం. అనకుండానే తెలుస్తుందిలే అనుకుంటాం. ఒక్కోసారి తెలియదు. ఒక్కోసారి తెలిసేలోపు మనిషే ఉండరు. మా అమ్మకి ఆ పులిహోర సంగతి నేను మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తుదామనుకునేసరికి ఆవిడ పెత్రమాస నాటి పేర్లలో చేరిపోయింది.

శ్రోతలారా, ఈ ఏడు జమ్మి ఆకు పెట్టేటప్పుడు దాంతోపాటు ఒక్క మాట కూడా పెట్టండి. ఫలానా రోజు నువ్వు నాకు ఫలానాది చేశావు, నేను మరిచిపోలేదు అని. అంతే. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు.

నా మాట నేను సిద్ధం చేసుకున్నాను. మా అత్తగారికి ఎనభై దాటాయి. చూపు తగ్గింది, బతుకమ్మ పేర్చడం మాత్రం మానలేదు. ఈసారి ఆవిడ చేతిలో బంగారం పెట్టి చెబుతాను. "అత్తమ్మా, వేయి స్తంభాల గుడి దగ్గర ఆ రోజు నా బతుకమ్మ పడిపోకుండా కొంగు అడ్డంపెట్టారు, నాకు గుర్తుంది" అని. ముప్ఫై ఏళ్లయింది ఆ ఆకుమడత దూర్చి.

ఆవిడ ఏమంటారో కూడా నాకు తెలుసు. "గిప్పుడెందుకు యాదికొచ్చింది బిడ్డా?" అంటారు. డల్లాస్‌లో ఒక చిన్నపిల్ల అడిగింది అత్తమ్మా, అని చెబుతాను.